లబ, లమ: దాయాదుల లెక్క

తూర్పు ఇథియోపియాలో దిరె దావా నుంచి హరర్ వెళ్ళే మినీబస్సులో డబ్బు దగ్గర తగువు రాని రోజు నాకు గుర్తు లేదు. యాభై కిలోమీటర్ల కొండదారి, ఒకరి ఒడిలో ఒకరు కూర్చున్నట్టు జనం. 2010 జనవరిలో ఒక శనివారం నా వెనక సీటులో ఒక సోమాలీ ఇల్లాలు, ఆమె పిల్లలు, ఒడిలో ఒక చంటివాడు. డబ్బులు వసూలు చేసే కుర్రాడు ఒరొమో. అలాంటి కుర్రాణ్ణి అక్కడ వొయాలా అంటారు. అతను వేలు చూపిస్తూ తన భాషలో లెక్కపెట్టాడు: తొక్కొ, లమ, సదీ, అఫుర్, షన్, జహ. ఆరుగురు. ఆమె ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేస్తూ తన భాషలో లెక్కపెట్టింది: కోవ్, లబ, సద్దెహ్, అఫర్, షన్. ఐదుగురు. అక్కడ ఆగింది. ఒడిలో ఉన్నవాడికి టికెట్టు ఏమిటని ఆమె వాదన.

తగువు హరర్ కోటగుమ్మం దాకా సాగింది. నా చెవి మాత్రం ఆ రెండు లెక్కల దగ్గరే ఉండిపోయింది. ఐదు దగ్గర ఇద్దరూ ఒకే మాట అన్నారు: షన్. రెండుకీ నాలుగుకీ అక్షరం తేడా. ఆరో మనిషి దగ్గర తేడా వచ్చింది కానీ, అంతవరకు ఇద్దరూ ఒకే ఎక్కం అప్పజెబుతున్నట్టే ఉంది.

నేను లెక్కల మాస్టారిని. నరసరావుపేటలో పాతికేళ్ళు పాఠాలు చెప్పి, 2009 సెప్టెంబరులో ఇథియోపియా వెళ్ళాను. ఆ రోజుల్లో అక్కడ కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా తెరుస్తుంటే మన తెలుగు అధ్యాపకులు చాలామంది వెళ్ళారు. జీతం డాలర్లలో, ఎండ పల్నాడులో లాగా. దిరె దావాలో ఐదేళ్ళున్నాను. వీధి నిండా మన బజాజ్ ఆటోలే, వాటిని అక్కడ పిలిచే పేరు కూడా బజాజే. భాషాశాస్త్రం నేను చదువుకోలేదు. లెక్కలవాడికి ఒక వరస కనిపిస్తే దాని వెనక సూత్రం ఏమిటో తెలిసేదాకా నిద్ర పట్టదు, అంతే.

ఆ సాయంత్రం హరర్‌లో కాఫీ తాగుతూ నోటుబుక్కులో రెండు వరసలు రాశాను. ఏడు: సోమాలీలో తొద్దొబ, ఒరొమోలో తొర్బ. ఎనిమిది: సిద్దేద్, సద్దేత్. తొమ్మిది: సగాల్, సగల్. కలవనివి మూడే: ఒకటి, ఆరు, పది. పదికి సోమాలీలో తొబన్, ఒరొమోలో కుడన్. పదింటిలో ఏడు కలిశాయంటే కాకతాళీయం అనడానికి నా మనసు ఒప్పలేదు. అరువు కూడా కాదు. లక్షనూ కోటినీ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. రెండునూ మూడునూ ఐదునూ ఎవరిదగ్గరా తెచ్చుకోలేదు. అవి పుట్టింటి నుంచే వచ్చాయి. తమిళంలో ఇరండు, మూన్ఱు అని వింటే మనకు ఎలా తెలిసిపోతుందో, ఇదీ అలాగే తెలిసిపోయింది.

నా అసలు గురువు మా ఇంటి యజమానురాలు. అరవై దాటిన మనిషి. వాకిట్లో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని రోజుకు మూడుసార్లు కాఫీ కాచేది. ఇంట్లోవాళ్ళు ఆవిడను ఆయ్యో అనేవారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఒరొమోలో ఆయ్యో అంటే అమ్మ. సోమాలీలో అయేయో అంటే అవ్వ. నాతో ఉండే తెలుగు సహోద్యోగి మొదటి వారమంతా నేను ఆవిడను పిలిచినప్పుడల్లా ఏం పగిలిందోనని పరుగెత్తుకొచ్చేవాడు.

నేను ఏదైనా వస్తువు చూపించి పేరు అడిగితే ఆవిడ ఒక్కోసారి రెండు మాటలు చెప్పేది. ఏది ఏ భాషో మా విద్యార్థి అయిన ఆవిడ మనవడు విడదీసేవాడు. అలా నోటుబుక్కు నిండింది. నాలుక సోమాలీలో అర్రబ్, ఒరొమోలో అర్రబ. ఎముక లఫ్, లఫే. పళ్ళు ఇల్కొ, ఇల్కాన్. గుండె వద్నె, ఒన్నే. పాలు ఆనో, ఆన్నన్. వాన రోబ్, రోబ. మేక రి, రెఎ. ఒంటె గేల్, గాల. ఆవుకు రెండిటిలోనూ సఅ. హరర్ గోడల బయట రాత్రిపూట మనిషి చేతిలోంచి మాంసం అందుకునే దుమ్ములగొండి సోమాలీలో వరాబె, ఒరొమోలో వరాబెస్స. ఒళ్ళు, మంద, వాన, అడవి మృగం: పశువుల వెంట తిరిగే మనిషికి పొద్దున లేస్తే కావలసిన మాటలన్నీ ఉమ్మడివే. అన్నీ కలుస్తాయని కాదు. తినమనడానికి సోమాలీలో ఉన్, ఒరొమోలో న్యాడు. వాటికి చుట్టరికం నాకు కనిపించలేదు.

పేనుకు సోమాలీలో ఇంజిర్, ఒరొమోలో ఇంజిరాన్. ఇథియోపియా అంతా తినే టెఫ్ పిండి అట్టు పేరు ఇంజెరా. ఒక సోమాలీ పూటకూళ్ళ ఇంట్లో నేను చివరి అక్షరం మింగేసి రెండు వేళ్ళు చూపించాను. రెండు పేలు వడ్డించమని అడిగానన్న సంగతి వంటింట్లోంచి వచ్చిన నవ్వు విన్నాకే తెలిసింది. సోమాలీలు తమ అట్టును అంజేరో అంటారు. మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు.

ఈ చుట్టరికం కంటికి కనిపించకపోవడానికి ఒక కారణం లిపి. రెండు భాషలకూ ఇప్పుడు రోమన్ అక్షరాలే. సోమాలీకి 1972లో సోమాలియాలోని సియాద్ బర్రె ప్రభుత్వం నిర్ణయించింది. ఒరొమోకు 1991లో, ఇథియోపియాలో దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం కూలిన ఏడాది, ఖుబే అనే పేరుతో అదే లిపి ఖాయమైంది. కానీ ఒకే అక్షరానికి చెరో ధ్వని ఇచ్చుకున్నారు. సోమాలీలో సి అక్షరం గొంతు అడుగునుంచి వచ్చే ఒక శబ్దం, అరబ్బీలోని అయిన్. ఒరొమోలో అదే సి ఊపిరి బిగబట్టి పలికే చ. ఎక్స్ అయితే సోమాలీలో గట్టి హ, ఒరొమోలో బిగబట్టిన త. దిరె దావాలో అంగడి బోర్డుల మీద అమ్హారిక్, ఒరొమో, సోమాలీ మూడూ కనిపిస్తాయి. ఆ బోర్డులు కళ్ళతో చదివితే ఒరొమో, సోమాలీ ఎక్కడా కలవవు. పాలు అనే మాట సోమాలీలో సి తో మొదలవుతుంది, ఒరొమోలో ఏ తో. నోటితో అంటే తప్ప బంధుత్వం తెలియదు. ఆ గొంతు శబ్దం పాతకాలంలో ఉమ్మడి సొత్తే. సోమాలీ దాన్ని దాచుకుంది, ఒరొమో ఎక్కడో జారవిడుచుకుంది.

మన నోటికి అనుకూలమైన అక్షరం ఒకటుంది. రెండు భాషల్లోనూ డి పక్కన హెచ్ రాసి ఉంటే నేను ధ అని చదివేవాణ్ణి. నెత్తురు అనే మాటను ధీగ అన్నాను, తరగతి గొల్లుమంది. అది ధ కాదు, డ. సోమాలీలో ఇంచుమించు మన డ, ఒరొమోలో గాలి లోపలికి గుంజుకుంటూ పలికే డ. నెత్తురు డీగ్, డీగ. పుట్టడం అన్నదానికి రెండిటిలోనూ ధాతువు డల్. అమ్హారిక్ మాతృభాషగా ఉన్న సహోద్యోగులు ఈ డ దగ్గర తడబడుతుంటే నాకు సులువుగా వచ్చింది. ఐదేళ్ళలో నేను గర్వపడిన ఉచ్చారణ అదొక్కటే.

వ్యాకరణంలో ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మనం వండాడు అంటాం, వండుకున్నాడు అంటాం. ఆ కొను చేరితే ఫలం కర్తకే. ఇంగ్లీషులో ఇది చెప్పాలంటే నాలుగు మాటలు కావాలి. సోమాలీలో కరి అంటే వండు, కర్‌సొ అంటే వండుకో. ఒరొమోలో బితూ అంటే కొనడం, బితచూ అంటే తన కోసం కొనుక్కోవడం. రెండు భాషలకూ ఈ ప్రత్యయం ఒకే మూలం నుంచి వచ్చింది. మనకూ వాళ్ళకూ చుట్టరికమని నేను అనడం లేదు, అలాంటి వీరులు మన పత్రికల్లో ఎప్పుడూ ఉంటారు, వాళ్ళ జోలికి పోను. అలవాటు ఒకటి కావడం వేరు, మాట ముక్క ఒకటి కావడం వేరు. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల తోబుట్టువని చూపించింది ఈ రెండో దారిలోనే: ధాతువులు పక్కపక్కన పెట్టి, ప్రత్యయాలు పక్కపక్కన పెట్టి.

పండితులు ఆ రెండు భాషలనూ కుషిటిక్ కుటుంబంలో, అందులోనూ తూర్పు శాఖలో, ఆ శాఖలోనూ పల్లపు నేలల వర్గంలో చేర్చారు. అఫార్, రెండీలె, కొన్సొ వాళ్ళ భాషలూ అక్కడివే. అరబ్బీ, హీబ్రూ, అమ్హారిక్ సెమిటిక్ శాఖ. ఆఫ్రో ఆసియా అనే పెద్ద వృక్షంలో దూరపు కొమ్మ. పది అంకె దగ్గర నాకు పట్టిన చిక్కు ఇక్కడ కొంత విడింది. పదికి అఫార్‌లో తబన్, రెండీలెలో తొమొన్, సోమాలీలో తొబన్. కొన్సొలో మాత్రం ఒరొమోలో లాగా కుడన్. ఒకే పెద్ద ఇల్లు, పది దగ్గర రెండు వాటాలు.

వాటా అన్నాను కాబట్టి అసలు మాటకు వస్తాను. ఒకరోజు ఆయ్యో ఇంటికి ఇథియోపియాలోని సోమాలీ ప్రాంతపు ఊరు జిజిగా నుంచి ఒక సోమాలీ పెద్దమనిషి వచ్చాడు. మనవడు ఆయన్ని నాకు పరిచయం చేస్తూ, ఈయన మా నాన్నకు ఇల్మ అదేర్ అన్నాడు. అదేర్ అంటే తండ్రి సోదరుడు. ఇల్మ అంటే పిల్లలు. పెదనాన్న, చిన్నాన్న బిడ్డలన్నమాట. మర్నాడు తరగతిలో అవాదాయ్ వైపు పల్లెనుంచి వచ్చే ఒరొమో విద్యార్థి గైర్హాజరుకు కారణం చెబుతూ, ఇల్మ అదేరా పెళ్ళి సార్ అన్నాడు. ఒరొమోలో ఇల్మ అంటే కొడుకు, అదేరా అంటే చిన్నాన్న. నాన్నకు సోమాలీలో ఆబ్బె, ఒరొమోలో అబ్బా. అంకెలు కలవడం వేరు, ఇది వేరు. జ్ఞాతి అనే మాటే వాళ్ళకు ఉమ్మడి ఆస్తి.

తెలుగులో దీనికి సరిపోయే మాట దాయాది. మిగతా ఏ మాటా సరిపోదు. అన్నదమ్ముల పిల్లలు, ఒకే ఇంటిపేరు, పురుడొస్తే ఒకే మైల, పొలం గట్టు దగ్గర మాత్రం కర్ర తీసుకుంటారు. ఒరొమోలూ సోమాలీలూ అచ్చంగా అదే. బావుల దగ్గర, మేత బీళ్ళ దగ్గర, ఇప్పుడు ప్రాంతాల హద్దుల దగ్గర.

అయితే దాయాదులమని ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరు. సోమాలీ పిల్లవాడికి ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి తన పేరు, తండ్రి, తాత, ముత్తాత అంటూ ఇరవై తరాల పైన అప్పజెప్పడం నేర్పుతారు. దాన్ని అబ్‌తిర్సి అంటారు. మన ప్రవర మూడో ఐదో ఋషుల దగ్గర ఆగుతుంది, వాళ్ళది ఆగదు. పై మెట్టుకు వెళ్ళేసరికి సమాలె అనే మూలపురుషుడు, అక్కడినుంచి ఎర్ర సముద్రం దాటి అరేబియా, ప్రవక్త వంశమైన ఖురైష్ దాకా పోతుంది. ఒరొమో పెద్దలు చెప్పేది వేరే కథ: సృష్టి బాలె ప్రాంతంలోని మద్ద వలాబు దగ్గర మొదలైంది, జనం బొరన, బరెంతు అని రెండు పాయలయ్యారు. ఒక కథ సముద్రం దాటుతుంది, ఒకటి ఊటబుగ్గ దగ్గరే ఉంటుంది. రెండూ ఎక్కడా కలవవు.

అరబ్బు వర్తకులూ షేకులూ రాలేదని అనను. జైలా రేవుకు, హరర్‌కు శతాబ్దాలపాటు వచ్చారు, కొందరు పెళ్ళాడి ఉండిపోయారు. కానీ ఒక తాత ఓడ దిగి వచ్చాడని ఊరందరి భాష పుట్టదు కదా. అబ్‌తిర్సి చెప్పే సోమాలీ పిల్లవాడు తాతల పేర్లు అరబ్బీలో చెబుతాడు, వాళ్ళను లెక్కపెట్టేది మాత్రం లబ, సద్దెహ్, అఫర్ అనే.

వలసపాలనా కాలపు చరిత్రకారులు ఆ ఓడ కథనే కొంచెం మార్చి రాశారు: సోమాలీలు ఉత్తర తీరాన పుట్టి, అక్కడున్న ఒరొమోలను దక్షిణానికి తరిమారని. 1966లో హెర్బర్ట్ లూయిస్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త దీన్ని తలకిందులు చేశాడు. ఆయన వాదన నాకు నచ్చడానికి కారణం, అది లెక్కలవాడి వాదన. ఒక భాషాకుటుంబంలో రకరకాల భాషలు ఎక్కడ దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉన్నాయో, పుట్టిల్లు అక్కడే వెతకాలి. ఎక్కడ వేల కిలోమీటర్ల మేర ఒకే భాష పరుచుకుందో, అది ఈమధ్య పరుచుకున్నది. సోమాలీ జిబూతీ నుంచి కెన్యా దాకా ఉంది. దానికి తోబుట్టువులైన చిన్న చిన్న భాషలన్నీ దక్షిణ ఇథియోపియాలో, ఉత్తర కెన్యాలో చీలిక లోయ (రిఫ్ట్ వ్యాలీ) సరస్సుల చుట్టూ ఉన్నాయి. అబయా సరస్సులో గిదిచొ అనే దీవిలో బైసో అనే భాష మాట్లాడేవాళ్ళున్నారు. అది సోమాలీకి దగ్గరి చుట్టమని హరాల్డ్ ఫ్లెమింగ్ అనే పండితుడు 1964లో చూపించాడు. సోమాలీ నేల ఎక్కడ, ఆ దీవి ఎక్కడ! ఆ కొసన గుప్పెడుమంది తప్పిపోయి వెళ్ళారనుకోవడం కంటే, అక్కడినుంచే ఒక గుంపు తూర్పుకు నడిచిందనుకోవడం తేలిక. ఒరొమోల పాత నేల కూడా ఆ దక్షిణ పీఠభూమే. పదహారో శతాబ్దంలో వాళ్ళు అక్కడినుంచి ఉప్పెనలా హరర్ దాకా వచ్చారు. అంటే ఒక ఇంట్లోంచి ఒకరు ముందు బయలుదేరారు, ఒకరు వెనక బయలుదేరారు, హరర్ దగ్గర మళ్ళీ ఎదురుపడ్డారు. ఎదురుపడేసరికి ఒకరినొకరు గుర్తుపట్టలేదు.

రక్తపరీక్షలు కూడా దీనికి ఎదురు చెప్పవు. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో డెన్మార్క్‌లో ఉంటున్న 201 మంది సోమాలీ పురుషుల వై క్రోమోజోమ్ చూస్తే, నాలుగింట మూడు వంతులకు పైగా ఒకే తూర్పు ఆఫ్రికా శాఖవి. ఒరొమోల్లోనూ ఆ శాఖ బాగానే కనిపిస్తుంది. నాకు దీనిమీద అంత ఆసక్తి లేదు. నోటుబుక్కు చాలు.

ఆ నోటుబుక్కులో నేను ఎర్ర సిరాతో రాసుకున్న మాట ఒక్కటే. వాఖ్. ఒరొమోలో వాఖ అంటే ఆకాశం, దేవుడు కూడా. పాత మతాన్ని ఇప్పటికీ పాటించేవాళ్ళ ధర్మం పేరు వాఖెఫ్ఫన్న. సోమాలీలు ఇస్లాంలోకి వచ్చి ఎన్నో శతాబ్దాలైంది, ఆ దేవుణ్ణి ఎవరూ కొలవరు, పేరెత్తితే పెద్దలు ముఖం చిట్లిస్తారు. కానీ సోమాలియా నడిమి ప్రాంతంలో ఒక ఊరి పేరు ఆబుద్‌వాఖ్, వాఖ్‌ను కొలుచు అని. కెన్యా సరిహద్దులో బావుల ఊరు ఎల్‌వాఖ్, వాఖ్ బావి. జిద్‌వాఖ్ అని ఒక వంశం ఉంది. వానలు బాగా పడి, గడ్డి మొలిచి, పాలు పొంగిన మంచి కాలానికి సోమాలీలో బర్వాఖో అంటారు, దానిలోనూ ఉన్నది ఆయనే. నమాజు తప్పని మనిషి కూడా సుభిక్షం రావాలని కోరుకున్నప్పుడు తెలియకుండా ఆయన పేరే పలుకుతున్నాడు. ఆయ్యోకు ఈ సంగతి మనవడి చేత చెప్పించాను. ఆవిడ కుంపటి విసురుతూ, వాన పడితే చాలు, ఎవరు కురిపిస్తే ఏం అంది.

ఆయ్యోది గుర్గుర అనే వంశం. దిరె దావా చుట్టుపక్కల వాళ్ళు చాలామంది. తాతల పేర్లు లెక్కపెడితే సోమాలీలలోని దిర్ శాఖ. ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఒరొమో. గుర్గురూ అంటే ఒరొమోలో అమ్మడం. ఊరి పేరు మీద కూడా రెండు దావాలున్నాయి. దిర్ ఇక్కడ ఈటె గుచ్చాడు కాబట్టి దిర్‌డబ అని సోమాలీలంటారు. దిర్రె అంటే ఒరొమోలో మైదానం, కాబట్టి దిర్రె డవా అని ఒరొమోలంటారు. నేను ఆవిడను సూటిగా అడిగాను, మీరు ఎవరు అని. ఆ ప్రశ్న వేసిన మూడో నిమిషంలోనే సిగ్గుపడ్డాను. ఆవిడ మాత్రం ఏమీ అనుకోలేదు. డబ్బు సోమాలీలో లెక్కపెడతాను, పిల్లల్ని ఒరొమోలో తిడతాను, కోపం ఎక్కువైతే రెండిటిలోనూ తిడతాను అంది.

ఇలాంటివాళ్ళు ఆ నేలంతా ఉన్నారు. జిజిగాకు పడమట జర్సొ అనే ఒరొమోలు గిరి అనే సోమాలీలతో తరాలుగా కలిసిమెలిసి బతికారు. కెన్యా సరిహద్దులో గర్రె వంశంవాళ్ళు తమను సోమాలీలమనే అంటారు, వాళ్ళలో కొందరి ఇంటిభాష ఒరొమో. ఒంటెలు కాచే గబ్రాలు మాట్లాడేది బొరన ఒరొమో, ఆచారాల్లో మాత్రం రెండీలె, సోమాలీల పోలిక. గుంథర్ ష్లీ అనే జర్మన్ పండితుడు ఆ ఎడారిలో తిరిగి, ఒకే పేరున్న వంశాలు గబ్రాల్లో, రెండీలెల్లో, గర్రెల్లో ఎలా పరుచుకుని ఉన్నాయో లెక్క కట్టాడు. జాతి మారుతుంది, వంశం ఉండిపోతుంది. మనకు ఇది తలకిందులుగా తోస్తుంది. అక్కడ కరువులో ఒంటె అప్పు కావలసివచ్చినప్పుడు అవతలి జాతిలో అదే వంశంవాడు దొరకడం ఎంత అవసరమో ఆలోచిస్తే అలా తోచదు.

అవసరం అంటే అవాదాయ్ చెప్పాలి. హరర్ దగ్గర ఒరొమోల ఊరు అది, నమిలితే హుషారిచ్చే ఖాత్ ఆకు సంత. ఒరొమోలో జిమా, సోమాలీలో జాద్ లేదా ఖాద్, అమ్హారిక్‌లో చాత్. పండించేది ఒరొమో రైతు, నమిలేది ఎక్కువగా సోమాలీ. కోసిన ఆకు వాడిపోయేలోగా జిజిగా మీదుగా సోమాలీలాండ్‌లోని హర్గెయ్సా చేరాలి కాబట్టి ఆ లారీలు నడిచే తీరు చూస్తే మన గుంటూరు మిర్చి లారీలు బుద్ధిమంతులనిపిస్తాయి. ఆ సంతలో కట్టల మధ్య కూర్చున్న ఒరొమో ఆడవాళ్ళు సోమాలీలో బేరమాడతారు. ఏ బడిలోనూ నేర్చుకోలేదు. నేర్చుకోవలసింది సగమే కదా, మిగతా సగం పుట్టుకతో వచ్చింది.

రాజకీయం దగ్గర నాకు ఓపిక తక్కువ, త్వరగా దాటేస్తాను. హైలె సెలాసీ చక్రవర్తి కాలంలో ఒరొమోను బహిరంగంగా రాయడానికి వీల్లేదు. హరర్ సీమకు చెందిన షేక్ బక్రీ సపలో 1956లో ఒరొమో ధ్వనులకు సొంతంగా ఒక లిపి కల్పించాడు. అధికారులు దాన్ని సాగనివ్వలేదు. ముసలితనంలో ఆయన తప్పించుకుని వెళ్ళింది సోమాలియాకు. 1980లో అక్కడ కాందిశీకుల శిబిరంలో చనిపోయాడు. 1960లలో ఒరొమో రేడియోలో వినాలంటే మొగదీషు స్టేషన్ తిప్పేవారు. దిరె దావాలో పుట్టిన గాయకుడు అలీ బిర్రా ఒరొమోలో పాడాడు, సోమాలీలో పాడాడు, హరరీలో, అమ్హారిక్‌లో కూడా. ఆయన 2022లో పోయినప్పుడు పాత విద్యార్థులు రెండు వైపుల నుంచీ నాకు సందేశాలు పంపారు.

ఈ ప్రేమలో రాజ్యాల లెక్క కూడా ఉంది. 1977లో సోమాలియా సైన్యం ఇథియోపియాలో సోమాలీలుండే ఒగాదెన్ మీదికి వచ్చినప్పుడు ఒరొమోలు కూడా ఒకరకం సోమాలీలేనని వాదించింది, బాలె ఒరొమోలకు సోమాలీ అబో అని పేరు పెట్టింది. చుట్టరికం ఉందన్నమాట నిజమే, దాన్ని పట్టా చేసుకోవాలనుకోవడం వేరే సంగతి. 1978 మార్చిలో జిజిగా పక్కనున్న కరమర కొండల దగ్గర ఆ యుద్ధం మలుపు తిరిగింది. తరువాత 1995 రాజ్యాంగం దేశాన్ని జాతులవారీగా, అంటే దాదాపు భాషలవారీగా, రాష్ట్రాలు చేసింది. భాషాప్రయుక్త రాష్ట్రాల సంగతి మనకు కొత్త కాదు. మదరాసు మనదే అని అరిచినవాళ్ళ మనవలం. దిరె దావా వాళ్ళ మదరాసు: ఒరొమియా నాదంది, సోమాలీ ప్రాంతం నాదంది, చివరికి ఎవరికీ ఇవ్వకుండా కేంద్రం కింద పెట్టారు. మిగతా హద్దు కోసం 2004లో నాలుగు వందలకు పైగా పల్లెల్లో ఓటు పెట్టారు. నువ్వు ఎవరు అని గుర్గురలనూ జర్సొలనూ బ్యాలెట్ పెట్టె అడిగింది. 2017లో హద్దు వెంబడి చంపుకున్నారు. రెండు వైపులా కలిపి లక్షలమంది ఇళ్ళు వదిలి పారిపోయారు. జిజిగాలో అంగడి పెట్టుకున్న మా ఒరొమో విద్యార్థి ఒకడు ఒంటిమీద బట్టలతో హరర్ చేరాడు. అతణ్ణి లారీలో దాచి తెచ్చింది సోమాలీ డ్రైవరు. ఆ డ్రైవరును అతను ఫోనులో నాకు పరిచయం చేసిన మాట, అదేరా.

2018లో ఆయ్యో మనవడు పైచదువుకు విదేశానికి దరఖాస్తు పెట్టుకుంటూ నా సిఫారసు లేఖ అడిగాడు. రాసి పంపాను. రెండు రోజులకు మళ్ళీ సందేశం. దరఖాస్తులో మాతృభాష అనే గడి ఉందట, అందులో ఒక్క భాషనే ఎంచుకోనిస్తుందట. ఏది పెట్టను సార్ అని అడిగాడు. మీ అవ్వను అడుగు అన్నాను. అడిగాడట. ఆవిడ ముందు ఒరొమోలో తిట్టి, తరువాత సోమాలీలో తిట్టి, చల్లారిపోతోంది ముందు వచ్చి తినమన్నదట. తినమని ఏ మాటతో అన్నదో రాయలేదు.